పాడే ఆమె యాడుండాది?

మా తాత గుణశేఖర్‌కు చిత్తూరు బజారువీధిలో ఇరవై ఆరేళ్లు అంగడి ఉండేది. ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, టేపురికార్డర్లు అమ్మేవాడు. బోర్డు మీద ‘పంకజాక్షి ఆడియో’ అని మా అవ్వ పేరు. “ఊరంతా నా పేరు సదివింది, ఇంట్లో నా మాట ఇన్నోడే లేడు” అని అవ్వ ఇప్పటికీ అంటుంది.

ఆ అంగట్లో సరుకు కొనడం అంత సులువు కాదు. వచ్చినవాణ్ణి తాత ఇనుప కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, తంబురా తప్ప వేరే తోడులేని ఒక ఆడగొంతు పాట పెట్టేవాడు. “పాడే ఆమె యాడుండాది? వేలు పెట్టి సూపించు” అనేవాడు. రెండు స్పీకర్లకూ నడిమధ్య, ఏమీ లేని గోడ వైపు వేలు చూపించినవాడికి చెవులున్నట్టు లెక్క. ఏదో ఒక పెట్టెను చూపించినవాణ్ణి, “నీకు రేడియో సాలు, పో అబ్బా” అని పంపించేసేవాడు. అంగడి ఎందుకు మూతపడిందో మా ఇంట్లో ఎవరూ తాతను అడగరు. ఆయన మాత్రం సెల్‌ఫోన్ల మీదికి నెడతాడు.

అంగడి పోయినా ఒక జత స్పీకర్లు మిగిలాయి. నడుమెత్తు టేకు పెట్టెలు, మద్రాసు నుంచి తెప్పించుకున్నవి. గిరింపేటలో మా ఇంటి ముందుగది వాటిదే. మేమంతా అందులో అద్దెకున్నట్టు మసులుకుంటాం.

మొన్న ఏప్రిల్లో ఆ గదికి రంగు వేయించాం. అప్పటికే తాత మెట్ల మీద జారి కుడిచేయి విరగ్గొట్టుకుని, పుత్తూరు కట్టుతో కూర్చుని ఉన్నాడు. కాబట్టి పెయింటర్లు పోయాక స్పీకర్లకు వైర్లు తగిలించే పని నా మీద పడింది. ఆయన కుర్చీలోంచి “ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు! ఇంటాండావా?” అని అరుస్తుంటే, నేను పెట్టెల వెనక దుమ్ములో దూరి బిగించాను.

ఆ సాయంత్రమే మొదలైంది గోల. పాట పెట్టిన రెండు నిమిషాలకు తాత ముఖం ముడుచుకుంది.

“రూపా, ఈమె యాడికి పోయిందే?”

గొంతు మధ్యలో నిలబడడం లేదట. గదంతా పొగలాగా పరుచుకుంటోందట. ముందు కొత్త రంగును తిట్టాడు. రంగు ఎంచినందుకు పనిలో పనిగా మా నాన్ననూ తిట్టాడు. తర్వాత ఫ్రిజ్జు శబ్దం అడ్డమొస్తోందని దాన్ని వంటింట్లోంచి వరండాలోకి తోయించాడు. అమ్మ రెండు నెలలు పెరుగు కోసం వరండాలోకి నడిచింది. ఆ తర్వాత కరెంటాఫీసుకు ఫోన్ చేసి, “మీ కరెంటు మురికిగా ఉండాది” అన్నాడు. వాళ్లు పెట్టేశారు. ఆంప్లిఫయరును రెండుసార్లు విప్పి బిగించాడు. నాకు మటుకు పాట పాటలాగే వినపడేది. ఆ మాటంటే, “నీకు కుక్కరు కూతకూ పాటకూ తేడా తెల్దు. గమ్మునుండు” అనేవాడు.

ఆఖరికి తిట్టడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. ఒకరోజు అన్నం దగ్గర కూర్చుని, “నా సెవులే పోయినాయి” అన్నాడు. డెబ్బై నాలుగేళ్లకు పోక ఏం చేస్తాయని అవ్వ అనబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

“అంగడి పోతే పోయిందిలే, సెవులుండాయి కదా అనుకుంటిని” అన్నాడు తాత. సగం అన్నం వదిలేసి లేచాడు.

మర్నాడు అమర్‌నాథ్‌కు ఫోన్ చేశాడు. అమర్‌నాథ్ పలమనేరులో పాడి ఆవులు పెట్టుకున్న మనిషి, తాత పాత గిరాకీ. ఇరవై ఏళ్లుగా ఆ జత నాకిచ్చేయన్నా అని అడుగుతున్నాడు. “వచ్చి తీసకపో. నా తావ ఉండి ఏం లాభం” అన్నాడు తాత.

ఆదివారం పొద్దున్నే అమర్‌నాథ్ పాల క్యాన్లు మోసే టెంపోలో, పెట్టెలు గీసుకుపోకుండా ఎండుగడ్డి పరుచుకుని మరీ వచ్చాడు. తాతకు వినిపించకుండా సరుకు ఇచ్చే అలవాటు లేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అరవై దగ్గర పడిన అమర్‌నాథ్ బడిపిల్లవాడిలా కళ్లు మూసుకున్నాడు. పాట మొదలైంది.

“యాడుండాది?”

అమర్‌నాథ్ వేలు లేచింది. ఎడమకు పోయింది, కుడికి వచ్చింది, పైకప్పు దాకా పోయి దిగింది.

“ఏందన్నా ఇది? ఆమె యాడా లేదే! ఎగతాళి చేస్తాండావా?”

“మళ్లా అను.”

“యాడా లేదంటాండా.”

“నీక్కూడా లేదా!” తాత నా వైపు తిరిగాడు. “రూపా, ఇన్యావా? ఈయప్పకు గూడా లేదంట!”

అవ్వ వంటింట్లోంచి, “ఏం లేదంట?” అంటూ పరుగెత్తుకొచ్చింది.

అప్పటికే తాత నేల మీద బోర్లా పడుకుని స్పీకరు వెనక్కి తల దూర్చాడు. ఎడమ పెట్టెకు ఎరుపు వైరు నలుపు చోట, నలుపు వైరు ఎరుపు చోట ఉన్నాయి. ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోందన్నమాట. ఇక మధ్యలో ఆమె ఎక్కడ నిలబడుతుంది? పెట్టె వెనక వైర్లు బిగించే మరల మీది రంగులు నేను పుట్టకముందే వెలిసిపోయాయి. నాకు రెండూ నల్లగానే కనపడ్డాయి. అడిగితే తిడతాడని అడగలేదు.

“ఐదు నెలలు!” అని తాత అక్కడి నుంచే అరిచాడు. “ఐదు నెలలు నా సెవుల్ని నేనే అనుమానించినానే! పనిలో కొత్తగా సేరినోడు మొదటి దినం చేసే తప్పు ఇది. నేను యాల సూడలేదు?”

“నువ్వే దగ్గరుండి సెప్పినావు కదా తాతా, అందుకే” అన్నాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వైర్లు మార్చి మళ్లీ పాట పెట్టాడు. ఈసారి నాక్కూడా తెలిసింది. గోడ దగ్గరికి ఎవరో వచ్చి నిలబడి పాడుతున్నట్టే ఉంది. అమర్‌నాథ్ వేలు నేరుగా గోడ వైపు లేచింది.

“ఎత్తిద్దామా అన్నా?” అన్నాడు చివరికి.

“ఏంది ఎత్తేది?”

“స్పీకర్లు. నువ్వే కదా పిలిచింది.”

“పిలిచింది సెవులు లేని గుణశేఖరు. వాడు సచ్చినాడు పో.”

“నలభై కిలోమీటర్లు గడ్డి పరుచుకుని వచ్చినానన్నా! పిలిచి కాదంటే ఏం మర్యాద?”

“మర్యాదా లేదు ఏమీ లేదు. ఇయ్యను.”

అవ్వ ఇడ్లీ పెడితే ముట్టకుండా వెళ్లిపోయాడు అమర్‌నాథ్. తాత పాత గిరాకీల్లో ఇంకా ఫోన్ చేసి పాటల గురించి మాట్లాడేది ఆయనొక్కడే. ఇప్పుడు ఆయనా చేయడం లేదు. తాత రోజూ పాట పెడతాడు, పదినిమిషాలకే ఆపేస్తాడు. పక్కన కూర్చుని ‘ఆహా’ అనడానికి నేను సరిపోనట.

నిన్న మూడోసారి పలమనేరుకు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. చొక్కా తొడుక్కుంటూ, “పలమనేరు బస్సు ఎన్ని గంటలకే?” అన్నాడు.

“తప్పయిపోయిందని సెప్పేదానికా తాతా?”

“నేనెందుకు సెప్తా? వైరు తప్పు బిగించింది నువ్వు. నువ్వే సెప్పాల. పద, సెప్పులేసుకో.”