అవ్వ పోయనన్న ఒడిబియ్యం

తొంభైల చివర్లో నేను ఫౌజులో కెప్టెన్‌ని. ఆడవాళ్లను ఆఫీసర్లుగా తీసుకోవడం మొదలై అప్పటికి ఎంతో కాలం కాలేదు. బొల్లారం దాటాక, కరీంనగర్ రోడ్డుకు దగ్గర్లో ఉన్న మా యూనిట్ పని సైన్యానికి బియ్యం, పప్పు, నూనె పంపడం. అక్కడ ఆడ ఆఫీసర్‌ని నేనొక్కదాన్నే. అందుకని అక్కడ కడుపుతో ఉన్న మొట్టమొదటి ఆఫీసర్‌ని కూడా నేనే అయ్యాను.

ఆ సంగతి మా కర్నల్ గారికి చెప్పిన రోజు ఇంకా కళ్ల ముందుంది. ఆయన ఉత్తరాది మనిషి, యుద్ధం చూసినవారు. నేను సెల్యూట్ చేసి, "సార్, నేను తల్లిని కాబోతున్నాను" అనగానే పెన్ను మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు. "శుభం, శుభం" అన్నారు. తర్వాత కిటికీలోంచి లారీల వైపు చూస్తూ "కూర్చో" అన్నారు. అంతవరకు ఆయన గదిలో నన్ను ఎన్నడూ కూర్చోమన్నది లేదు. "పర్వాలేదు సార్, నిలబడతాను" అన్నాను. నాకు ముక్కు మీదే కోపం. పైగా ఇవాళ కడుపుతో ఉన్నానని కుర్చీ వేసినవాళ్లు రేపు అదే కారణంతో ఇంటికి పంపుతారేమోనని భయం.

యూనిఫాంలో గర్భిణులకంటూ వేరే కొలత లేదప్పుడు. బెల్టు ఒక్కో రంధ్రం జరుపుకుంటూ పోయి, ఇక జరపడానికి రంధ్రాలు లేక, దాన్ని బీరువాలో పెట్టేసి చీరలోకి మారాను. మెస్‌లో విందులప్పుడు ఇంకో చిక్కు. అటు ఆఫీసర్లు గ్లాసులు పట్టుకుని నిలబడేవారు, ఇటు వాళ్ల భార్యలు సోఫాల్లో కూర్చునేవారు. నేను పొట్టేసుకుని మధ్యలో. కాళ్లు లాగితే భార్యల దగ్గరకు వెళ్లేదాన్ని, కబుర్లు విసుగొస్తే ఆఫీసర్ల దగ్గరకు. కడప వైపు నుంచి వచ్చిన మా సుబేదారు మాత్రం ఏ తికమకా పడలేదు. ఆయనకు నేను ముందూ సాబ్‌నే, ఇప్పుడూ సాబ్‌నే. "సాబ్, మీకు నెలలు నిండుతాండాయి, గోదాములో నిచ్చెన ఎక్కొద్దు" అనేవాడు. వినేవాళ్లు నవ్వితే ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు అర్థమయ్యేది కాదు.

సెలవు మీద వెళ్లే ముందు కర్నల్ గారు పిలిచారు. మా కొలువు ఐదేళ్లకే. ఆపైన ఉండాలంటే పొడిగింపు రావాలి. "చలికాలంలో ఆ కాగితాలు పంపుతాను. అప్పటికి నువ్వు పూర్తి ఆరోగ్యంగా ఉన్నావని డాక్టర్లు చెప్పాలి, అందరిలాగే పరుగు పరీక్ష పాసవ్వాలి. లేదంటే నీ పేరు పంపలేను" అన్నారు. మాటలో కరుకుదనం లేదు, ఉన్న నియమం చెప్పారంతే. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. బిడ్డ కావాలని నాకు ఎంత ఉండేదో ఆ కొలువు కావాలనీ అంతే ఉండేది. ఏది ఎక్కువ అని ఎవరైనా అడిగితే వాళ్లతో పోట్లాటకు దిగేదాన్ని.

పురుడు శామీర్‌పేటలో, మా ఇంట్లో. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది అవ్వ, మా బాపు వాళ్లమ్మ. భూమి, పశువులు, పనివాళ్లు, అన్నీ ఆమె గొంతు మీదే నడిచేవి. తాత, బాపు ఊళ్లో ఎంత పెద్దమనుషులైనా ఆమె ముందు నోరెత్తేవారు కాదు. పాప పుట్టిన మర్నాటి నుంచి నేనూ ఆమె అధీనంలోకి వెళ్లిపోయాను. చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడుముకు పాత చీర బిగించి కట్టు, పూటపూటా వెల్లుల్లి కారం కలిపిన అన్నం. సైన్యంలో శిక్షణ కూడా నన్ను ఇంత కట్టడి చేయలేదు.

సెలవు అయిపోవస్తుంటే అసలు సంగతి చెప్పాను. పరుగు మాట వినగానే అవ్వ చేతిలో చేట కింద పెట్టింది.

"పచ్చి బాలెంతవు, ఉరుకుడేంది? గా నౌకరి ఉంటె ఉండనీ, పోతె పోనీ. ఫౌజుల నువ్వు జేసేదేంది, బియ్యం పప్పులు పంపుడే కద? గదేదో మన ఇంట్ల జెయ్యరాదా?"

"ఎవరేమన్నా నేను ఉరుకుత అవ్వా."

"అయితె ఒక మాట ఇను. అత్తగారింటికి పోతనంటె ఒడిబియ్యం పోసి పంపుత. గా ఫౌజుకు పోతనంటె ఒక్క గింజ పొయ్య."

అది చిన్న మాట కాదు. బాలింత పుట్టింటి నుంచి కదిలితే పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, రవిక గుడ్డ కొంగులో పోసి సాగనంపాలి. ఆ బియ్యం వెళ్లిన ఇంట్లో వండి నలుగురికీ పెట్టాలి. మా ఇంటి నుంచి ఏ ఆడపిల్లా ఒట్టి కొంగుతో వెళ్లలేదు. నేను వెళ్లాను. పాపను ఎత్తుకుని, గడప దాటి, వెనక్కి చూడకుండా బాపు జీపెక్కాను. తూంకుంట వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

మా ఆయనది గుంటూరు వైపు, బ్యాంకు ఉద్యోగం. తూంకుంటలో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు. చుట్టూ హద్దురాళ్లు పాతిన ఖాళీ ప్లాట్లే. మేం వచ్చిన మర్నాడే ఇంటి ముందు ఆటో ఆగింది. మా ఆయన తలుపు తీసి, నవ్వు ఆపుకుంటూ లోపలికొచ్చాడు. "మీ అవ్వగారు వచ్చారు. నీతో మాట్లాడరట. ఆ సంగతి నీకు చెప్పమన్నారు."

అవ్వ నా మొహం చూడకుండా నేరుగా పాప దగ్గరకు వెళ్లింది. "మీ అమ్మకు జెప్పు బిడ్డా, నేను ఆమె కోసం రాలె. నీ కోసం వచ్చిన."

ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలన్నీ పాప మీదుగా నడిచాయి. "బువ్వ సల్లగైతాంది, జల్ది తినుమను." "తలకు గుడ్డ గట్టుకోమను, గాలి గొడ్తాంది." నెలల పిల్ల ఇద్దరి వైపూ గుడ్లప్పగించి చూసేది. మొండితనం నాకు ఎవరి నుంచి వచ్చిందో మా ఆయనకు అప్పుడు తెలిసింది.

తెల్లవారుతుండగానే ప్లాట్ల మధ్య మట్టిరోడ్ల మీద పరుగు మొదలుపెట్టాను. మొదట్లో కాలనీ చివరిదాకా వెళ్లేసరికే కళ్లు తిరిగేవి. నా ఒళ్లు నాది కానట్టుండేది. రోజూ బయల్దేరే ముందు అవ్వ ఒక్క మాట లేకుండా నా నడుముకు పాత చీర చుట్టి, మోకాలు ఆనించి మరీ బిగించేది. ఆ కట్టు మీద టీ షర్టు వేసుకుని వెళ్లేదాన్ని. మాట్లాడనంటూనే మోకాలు ఆనించడం ఏమిటని అడగాలనిపించేది. అడిగితే కట్టు విప్పేస్తుందేమోనని ఊరుకునేదాన్ని.

డాక్టర్లు సరేనన్నారు. పరీక్షలో మాత్రం తప్పాను. సగం దూరం బాగానే పరిగెత్తాను. ఇంతలో క్వార్టర్ల వైపు నుంచి ఎవరి పిల్లో ఏడ్చిన చప్పుడు వినబడింది. అంతే, పాలు చేపుకొచ్చాయి. రొమ్ములు రాళ్లయిపోయి, టీ షర్టు తడిసి, అడుగు వేస్తే ప్రాణం పోయినంత నొప్పి. నేను గేటు చేరేసరికి సుబేదారు గడియారం వైపు చూసి తల దించుకున్నాడు. "నెలాఖరుకు ఇంకొక్కసారి. ఆ తర్వాత కాగితాలు ఆపలేను" అన్నారు కర్నల్ గారు.

ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. బయట అవ్వ గొంతు వినబడింది. "మీ అమ్మకు జెప్పు బిడ్డా, ఏడ్సుడు అయినంకనే పాలియ్యమను." మళ్లీ అంది. "ఇగ పాలు తాపినంకనే ఉరకమను. సేపొచ్చినంక బర్రె గూడ ఉరకది."

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. కుళాయి కట్టేసి బయటికొచ్చాను. పరీక్ష ముందు రోజు పాపకు ఇంకో కబురందింది. "రేపు మనం గూడ పోదాం బిడ్డా. మీ అమ్మ ఉరుకుడు సూద్దాం."

మర్నాడు అన్నంత పనీ చేసింది. గేటు ముందు ఆటో దిగింది, చంకలో పాప, భుజాన గుడ్డ మూట. పాప బట్టలనుకున్నాను. కర్నల్ గారు ఒక్క క్షణం ఆలోచించి గార్డు గది ఖాళీ చేయించారు. లోపల నేను పాపకు కడుపునిండా పాలిస్తుంటే, బయట తుపాకీ పట్టుకున్న జవాను తలుపుకు వీపు చేసి, రోడ్డు వైపు చూస్తూ బిగుసుకుని నిలబడ్డాడు. అంతకంటే గొప్ప కాపలా నేను నా సర్వీసులో చూడలేదు. అవ్వ కట్టు బిగించింది. నేను వెళ్లి గీత దగ్గర నిలబడ్డాను.

ఆ పరుగు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. గోదాములు దాటాను, లారీల షెడ్డు దాటాను, క్వార్టర్లు దాటాను. ఎవరి పిల్లా ఏడవలేదు. ఏడ్చినా ఆగేదాన్ని కాదు. చివరి మలుపు తిరిగేసరికి గేటు పక్క కంచె అవతల అవ్వ ఎర్ర చీర కనబడింది. పాపను రెండు చేతుల్తో తలపైకి ఎత్తి పట్టుకుంది. ఊపిరి అందడం లేదు, అయినా గొంతెత్తి అరవాలన్నంత సంతోషం. గీత దాటాక సుబేదారు గడియారం నొక్కి, "పాస్ సాబ్, పాస్!" అని ఊరంతా వినబడేలా కేకేశాడు. జవాన్లు చప్పట్లు కొట్టారు. కర్నల్ గారు కూడా కొట్టారు, తర్వాత గుర్తొచ్చి చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

నేను గేటు బయటికి నడిచాను. అవ్వ పాపను ఆటో ఆయన చేతికిచ్చి మూట విప్పింది. పచ్చగా పసుపు బియ్యం, పైన కుడుకలు, రవిక గుడ్డ, తమలపాకులు. ఇన్ని వారాల తర్వాత నా కళ్లలోకి చూసింది.

"కొంగు వట్టు."

"కొంగేది అవ్వా?"

నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "గా అంగి వట్టు మరి."

టీ షర్టు అంచు రెండు చేతుల్తో పట్టి చాపాను. చెమటా కన్నీళ్లూ కలిసి కారుతుంటే అవ్వ దోసిలితో ఆ బియ్యం పోసింది. నుదుట కుంకుమ పెట్టింది. తర్వాత ఇదేమిటో అర్థంకాక చూస్తున్న కర్నల్ గారి వైపు తిరిగి, వియ్యంకుడికి పిల్లను అప్పగించే పద్ధతిలో చేతులు జోడించింది. "బిడ్డను మంచిగ సూసుకోండ్రి సాబ్. జర కోపగొండిది. సర్దుకపోండ్రి."

నేను హిందీలో మొదటి ముక్క చెప్పి ఊరుకున్నాను. సుబేదారు ఊరుకోలేదు. రెండోది, మూడోది కూడా పొల్లుపోకుండా అనువదించాడు. కర్నల్ గారు టోపీ సవరించుకుని అవ్వకు చేతులు జోడించారు. "కోపం సంగతి మాకు తెలుసమ్మా" అన్నారు. ఆ బియ్యం ఇంటికి తేవద్దని, వెళ్లిన చోటే వండాలని అవ్వ గట్టిగా చెప్పడంతో, ఆ మధ్యాహ్నం మా జవాన్ల వంటశాలలో పచ్చటి అన్నం వండారు. సైన్యానికి బియ్యం పంపే యూనిట్‌లో ఆ రోజు అందరూ మా ఇంటి బియ్యం తిన్నారు.

ఆ వారమే కాగితాలు వెళ్లాయి, పొడిగింపు వచ్చింది. మేజర్‌గా దిగిపోయేదాకా ఆ యూనిఫాం వేసుకున్నాను. నా తర్వాత వచ్చిన ఆడ ఆఫీసర్లు గార్డు గది ఎక్కడని అడిగి మరీ పిల్లలకు పాలిచ్చారు.

ఆ పరీక్ష రోజు సాయంత్రం పాపను ఒళ్లో వేసుకుని, వంటింట్లోకి వినబడేలా అన్నాను. "మీ ముత్తవ్వను అడుగు బిడ్డా, ఒక్క గింజ పొయ్యనన్నది కద, అన్ని బియ్యం ఎందుకు పోసిందో."

"దాన్నడుగుతవేంది? నన్నడుగు."

"సరే అవ్వా, నిన్నే అడుగుతున్న."

అవ్వ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "అత్తగారింటికి పోతె పోస్తనన్న. మస్తు మంది ఆడివిల్లలను అత్తగారిండ్లకు సాగనంపిన నేను. గింత సంబురంగ ఉరుకుకుంట పోయినదాన్ని ఎన్నడు సూడలె. గసొంటిదాన్ని ఒట్టి కొంగుతోని ఎట్ల పంపుత?"