డాక్టరు గారికి తగలవలసిన తిట్లు

1949 వేసవిలో నన్ను సూర్యాపేట పశువుల దవాఖానకు అనుబంధంగా పెట్టిన క్యాంపు లేబరేటరీలో అసిస్టెంటుగా వేశారు. పోలీసు చర్య జరిగి ఏడాది కాలేదు. మిర్యాలగూడ వైపు ఊళ్లలో గొర్రెలు దొమ్మ రోగంతో, అంటే ఆంత్రాక్స్‌తో, పడిపోతున్నాయి. పొద్దున మేసిన గొర్రె మధ్యాహ్నానికి చచ్చేది. ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారేది. ఇలాంటి కళేబరాన్ని కోయకూడదన్నది మా శాఖలో మొదటి నియమం. కోస్తే లోపలి క్రిమి గాలి తగిలి గట్టి బీజంగా మారి, ఏళ్ల తరబడి ఆ నేలలోనే బతుకుతుంది. చెవి నరం నుంచి ఒక్క చుక్క నెత్తురు గాజు పలక మీదికి తీసుకుని, చర్మంతో సహా లోతుగా పాతి, మేళ్లచెరువు బట్టీల నుంచి తెప్పించిన సున్నం పోయాలి. రబ్బరు తొడుగులు లేకుండా ఏదీ ముట్టుకోకూడదు.

మా ఇన్‌చార్జి కోదాడ మనిషి. పని తెలిసినవాడు, కానీ మెతక. చప్రాసీ పోస్టు ఖాళీగా ఉండటంతో ఆఫీసులో నాకంటే కింద ఎవరూ లేరు.

ఆ నెలలోనే హైదరాబాదు నుంచి ఒక పరిశోధక డాక్టరు గారు దిగారు. విదేశంలో చదివినవారు. పెద్ద అధికారుల ఇళ్లలో భోజనానికి కూర్చునేవారు. ఆయన ఒక్క మాట అంటే చాలు, మేం ఏ అడవి తాలూకాలోనో తేలేవాళ్లం. పరిశోధనకు ఆయనకు గొర్రె ప్లీహం కావాలి. అందుకని గొర్రె ఎక్కడ చచ్చినా అక్కడే ఉత్త చేతులతో పొట్ట కోసేవారు. ఆ చేత్తోనే సిగరెట్ వెలిగించేవారు.

ఆయనతో ఇది తప్పండీ అనే ధైర్యం ఇన్‌చార్జికి లేదు. అలాంటప్పుడు మా ఆఫీసుల్లో ఒక పాత పద్ధతి ఉంది. పైవాడి తప్పు కిందివాడి మీద పెట్టి, పైవాడు వినేలా తిట్టడం. డాక్టరు గారు కత్తి తీయగానే ఇన్‌చార్జి నా వైపు తిరిగి, "ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? తొడుగులు లేకుండా ముట్టుకుంటావా? బుద్ధుందా?" అనేవారు. నేను తొడుగులు వేసుకున్న చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. సాయంత్రం టీ తాగించి, ఏమీ అనుకోవద్దనేవారు. మొదట్లో నాకు కాస్త గర్వంగానే ఉండేది, శాఖ పరువంతా నేనే మోస్తున్నట్టు.

డాక్టరు గారికి ఒక్క తిట్టూ తగల్లేదు. పైగా నా మీద జాలిపడి, కుర్రవాణ్ణి అంతలేసి మాటలనకండి అని ఇన్‌చార్జికే నచ్చజెప్పి, మళ్లీ కోతకు కూర్చునేవారు.

ఆ తిట్లను నిజమని నమ్మింది చుట్టూ నిలబడ్డ గొర్రెలవాళ్లు. వాళ్లలో మల్లయ్య అనే ఆయన మంద సగం పోయింది. చచ్చినదాన్ని ఒలవొద్దు, పాతిపెట్టమని బతిమాలాను. ఆయన నవ్వాడు. "నువ్వే దినాం తిట్లు తింటవు సారూ, నీ మాట ఇనాల్నా? గంత పెద్ద సారు ఉత్త చేతుల్తోని కోసిండు. ఆయనకేమన్నయిందా?" అన్నాడు. జవాబు నాకు తెలుసు. కానీ డాక్టరు గారిదే తప్పని ఊరివాళ్లకు చెప్పే దమ్ము నాకు లేకపోయింది.

వారం తిరక్కుండా మల్లయ్యను ఎద్దుల బండిలో మా క్యాంపుకు తెచ్చారు. చచ్చిన గొర్రెలను ఒలిచాడట. ముంజేతి మీద నల్లటి పుండు, భుజం దాకా వాపు. "నొప్పైతే లేదు సారూ, జరమే ఇడుస్తలేదు" అన్నాడు. నొప్పి లేకపోవడమే మనుషులకు వచ్చే దొమ్మ పుండు గుర్తు. దీనికి పెన్సిలిన్ కావాలి. ఆ రోజుల్లో అది దొరకడం గగనం. మనుషుల దవాఖానలో లేదన్నారు. డాక్టరు గారి పెట్టెలో మాత్రం ఉంది. తనకేమైనా అయితే పనికొస్తుందని తెచ్చుకున్నారు. ఆయన ధైర్యమంతా ఆ సీసాల్లోనే ఉంది. సామాను సర్దింది నేనే కనుక ఈ సంగతి ఇన్‌చార్జికి చెప్పాను.

డాక్టరు గారు వరండాలో కూర్చున్నారు. ఎదురుగానే బండి. ఇన్‌చార్జి ఆయన దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. చివరికి నా వైపే తిరిగారు. "మనిషి చస్తుంటే మందు దాచిపెట్టుకుంటావటయ్యా? నువ్వు మనిషివేనా?"

నేను కాదంటే డాక్టరు గారి పరువు పోయేది, పెట్టె తెరుచుకునేది కాదు. తల దించుకున్నాను. ఈసారి తిట్టు తగిలింది. ఆయన సిగరెట్ పారేసి లోపలికి వెళ్లి, సీసాలు తెచ్చి, నా మొహం చూడకుండా నా చేతిలో పెట్టారు. బండిలోంచి మల్లయ్య అంతా చూశాడు.

మల్లయ్య బతికాడు. వానలకు ముందు టీకాలు వేయడానికి మల్లయ్య ఊరికి వెళితే ఒక్క మందనూ దొడ్డిలోంచి బయటికి తోలలేదు. మల్లయ్య చేతి మచ్చ చూపించి, నలుగురి ముందు అన్నాడు: "నేను సస్తుంటే మందు దాసినవ్. నీ సూది నా గొర్లకొద్దు. పెద్ద సారునే తోలు." అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెబితే డాక్టరు గారి దాకా పోతుందని భయపడి, సామాను మళ్లీ బండికెక్కించాను. ఆ ఏడు ఆ ఊళ్లో టీకాలు పడలేదు. మిగిలిన గొర్రెల్లోనూ చాలా పోయాయి.

తర్వాత నేనూ ఇన్‌చార్జినయ్యాను. జాగ్రత్త చెప్పవలసి వస్తే, తప్పు చేస్తున్నవారికే, వారి మొహం చూసి, అందరూ వినేలా చెప్పాలని నేర్చుకున్నాను. మర్యాదకు పోయి పక్కవాడి మీద పెట్టి తిడితే పెద్దవాడు ఎలాగూ వినడు. చూసేవాళ్లు మాత్రం నమ్ముతారు.