కారు గుంతలో నీళ్లు పడ్డాయి

నాకు ఒకరి కింద పనిచేయడం పడదు. హైదరాబాదులో ఒక కార్ల వర్క్‌షాపులో ఏళ్ల తరబడి చేశాను గానీ, ఎవరితోనో ఒకరితో లొల్లి లేని రోజు లేదు. చివరికి ఒకనాడు, నాకంటే చిన్నవాడైన సూపర్‌వైజరు నా చేతిలోంచి నట్లు బిగించే పానా లాక్కుని దాన్ని ఎలా పట్టుకోవాలో చూపించబోయాడు. ఆ పానా ఆయనకే బహుమతిగా వదిలేసి మా ఊరు చిట్యాల బస్సెక్కాను. కొత్త రాష్ట్రం వచ్చి కొన్నేళ్లయింది. ఊళ్లో కార్లు పెరిగాయి, పక్కనే హైవే, మా ఇంటి ముందు బోలెడు ఖాళీ జాగా. ఇంట్లోనే షెడ్డు వేసుకుంటానని నా భార్యకు చెప్పాను.

"ఏసుకో. నా దండెం జోలికి మాత్రం రాకు" అంది.

మా బాపు, అంటే మా నాన్న, ఏమీ అనలేదు. ఆయన ఏ విషయంలోనైనా నోరు తెరవడం మానేసి చాలా కాలమైంది. పొలంలో ఆయన వేయించిన బోర్లన్నీ దుమ్మే కక్కాయి. ఒక్కదాంట్లోనూ చెంబెడు నీళ్లు పడలేదు. బోరు బండి వచ్చిన ప్రతిసారీ ఊరంతా వచ్చి చూసేది, తెల్లటి పొడి మీద పడగానే నవ్వుకుంటూ దులుపుకుని వెళ్లేది. 'దుమ్ము బోర్లాయన' అని పేరు పడిపోయింది. పెళ్లి భోజనాల్లో నీళ్ల గ్లాసు అందిస్తూ కూడా "పట్టు పట్టు, నీకు నీళ్లు దొరుకుడు కష్టం" అని ఎకసెక్కాలాడేవాళ్లు. బాపు పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. పొలం బీడుగా పడావు పెట్టి, అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకోవడమే పనిగా పెట్టుకున్నాడు. ఆయన్ని చూస్తే నాకు జాలి వేసేది. జాలి వేసినప్పుడల్లా కోపం వచ్చేది. కోపం వస్తే మళ్లీ ఆయన మీదే అరిచేవాణ్ణి.

షెడ్డుకు రేకులు వచ్చాయి, బెంచి వచ్చింది, దానికి ఇనుప సామాను కదలకుండా పట్టి ఉంచే వైసు బిగించాను. ఇక కావలసింది గుంత. కార్లను పైకెత్తే లిఫ్టు కొనే తాహతు నాకెక్కడిది? నేలలో నిలువెత్తు గుంత తవ్వి, దాని మీద కారు నిలబెట్టి, కిందికి దిగి పనిచేసుకోవాలి. గేటులోంచి నేరుగా వచ్చిన కారు ఆగే చోట ముగ్గుపిండితో గీత గీశాను. అది చూసి బాపు చుట్ట పారేశాడు.

"నైరుతిల గుంతనా? నన్ను సంపుతవారా?"

ఆయన నోట అన్ని మాటలు విని చాలా రోజులైంది కాబట్టి గట్టిగా కాదనలేకపోయాను. వాస్తు చూసే ఒక పెద్దమనిషిని పిలిపించాడు. ఆయన ఫోనులో దిక్కులు చూసుకుంటూ వాకిలంతా తిరిగి, చెప్పులు విడిచి ఈశాన్యం మూల నిలబడ్డాడు.

"గుంత తీస్తే గీడనే తియ్యాలె. ఇది గంగమ్మ జాగా."

"సార్, నేను తవ్వేది బావి కాదు. కారు కింద పని చేసుకునే గుంత."

"అది దేనికి తవ్విన్రో గుంతకేం ఎర్క?" అన్నాడాయన.

ముగ్గుపిండి గీత చెరిపి, ఆ మూలన కొత్త గీత గీశాను. 

ఆ మూల వీధి గోడకు ఆనుకుని ఉంటుంది. కారు గేటులోంచి వచ్చి, అరుగు ముందు తిరిగి, దండెం కింద నుంచి, తులసి గద్దెకు తగలకుండా వెనక్కి వెనక్కి పోయి అక్కడికి చేరాలి. అంత నేర్పుగా బండి నడిపేవాడి బండి చెడిపోయి నా దగ్గరికి ఎందుకొస్తుంది? అయినా షెడ్డు రేకులు ఆ మూలకే వేసి, వాటి కింద తవ్వాను. గడ్డపారతో మొరం పెకలిస్తుంటే చేతులు బొబ్బలెక్కాయి. బాపు అరుగు దిగి వచ్చి, గట్టు మీద నిలబడి, తట్టలు అందుకున్నాడు. ఆయన పనిలోకి దిగడం చూసి నా భార్య వంటింట్లోంచి బయటికొచ్చి మరీ ఆశ్చర్యపోయింది.

మొదటి గిరాకీ ఎదురింటి చాచా. ఒకప్పుడు సైకిల్ దుకాణం నడిపిన ముసలాయన, బాపుకు దోస్తు. ఆయన పాత వ్యానుకు క్లచ్ పోయింది. నలుగురం కలిసి దాన్ని తోసుకొచ్చి అరుగు ముందు పెట్టాం, పొద్దున్నే గుంత మీదికి ఎక్కిద్దామని. పొద్దున్నే లేచి చూస్తే గుంతలో మోకాలి లోతు నీళ్లు.

"బట్టలుతికిన నీళ్లు ఇందుల పారబోసినవా?" అని నా భార్య మీద అరిచాను.

"నా నల్లానే రెండొద్దుల సంది సన్నగ వస్తాంది. నీ గుంతల పొయ్యనీకి నీళ్లు యాడియి?" అని ఆమె నాకంటే పెద్ద గొంతుతో అరిచింది.

ఈ అరుపులకు బాపు వచ్చాడు. గుంతలోకి చూశాడు. ధోతి ఎగ్గట్టి, నిచ్చెన మీంచి దిగి, దోసిటితో నీళ్లు తీసుకుని తాగాడు. దోసిట్లో మిగిలిన నీళ్లకేసి చూశాడు. తర్వాత తలెత్తి, "పడ్డయ్" అన్నాడు. "నీళ్లు పడ్డయ్ రా!"  అంతకుముందు ఆయన కళ్లలో నీళ్లు నేనెప్పుడూ చూడలేదు.

అయిపోయింది, నా వర్క్‌షాపు అక్కడితో అయిపోయింది. మధ్యాహ్నానికి గుంతకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. సాయంత్రానికి వీధి వీధంతా మా ఇంట్లో. నల్లాలు సన్నబడ్డాయని ఆడవాళ్లు బిందెలు పట్టుకుని మా గుంత దగ్గర వరుస కట్టారు. బాపు ఉతికిన తెల్లబట్టలు కట్టుకుని, కుర్చీ వేసుకుని, గుంత పక్కన కూర్చున్నాడు. ఒకప్పుడు దుమ్ము దులుపుకుని పోయినవాళ్లే వచ్చి తాగి, "మంచిగున్నయ్, తియ్యగున్నయ్" అన్నారు. ప్రతి ఒక్కరికీ ఆయన మొదటి నుంచీ కథ చెప్పాడు. అందులో కారు ప్రసక్తి రోజురోజుకీ తగ్గిపోయి, చివరికి గుంత తవ్వింది నీళ్ల కోసమే అయింది.

నాకు మాత్రం కొత్త రూళ్లు వచ్చాయి. షెడ్డులోకి చెప్పులతో రాకూడదు. ఈశాన్యం దగ్గర ఆయిలు, గ్రీజు కనపడకూడదు. నా షెడ్డులో నేను కాళ్లు కడుక్కుని అడుగుపెట్టాలి! చాచా వ్యానును జాకీల మీద లేపి, ఎండలో గోనెసంచి పరుచుకుని, వెల్లకిలా దాని కిందికి దూరాను. మీద గేరుబాక్సు, పక్కన బిందెల చప్పుడు. వాళ్లలో ఎవరో నా కాళ్లను చూసి, పనీపాటా లేక పడుకున్నాననుకుని పాపం జాలిపడ్డారు.

చాచా వచ్చి వంగి చూశాడు. "బండి బాగుచెయ్ బేటా అంటే బాయి తవ్వినవ్. ఇంక నేను దవాఖానకు పోవాలంటే ఈ బాయిల ఈదుకుంట పోవాల్నా?"

"నాతోని మాట్లాడకు చాచా. నేను పరేషాన్ల ఉన్న" అన్నాను.

నా పరేషాన్ వ్యాను గురించి కాదు. ఆ నీళ్లు రోజూ పొద్దున నల్లా వదిలే వేళకే పెరిగేవి. నల్లా రాని రోజు అడుగు కనపడేది. ఒకసారి చెంబు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. గోడకు అవతల, వీధి కింద నుంచే సర్కారు నల్లా పైపు పోతుంది. అది ఎక్కడో పగిలింది. వాళ్ల నల్లాల్లోకి పోవలసిన నీళ్లే మా గుంతలోకి వస్తున్నాయి, వాటినే జనం దండం పెట్టి మరీ తీసుకుపోతున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బాపుకు చెబుదామని ఎన్నిసార్లు దగ్గరికి పోయానో! పోయిన ప్రతిసారీ ఆయన ఎవరికో నీళ్లు పోస్తూ, నవ్వుతూ కనపడేవాడు. ఆయన చుట్ట కూడా మానేశాడు. ఎట్లా చెప్పేది?

ఇంతలో చుట్టుపక్కల ఊళ్ల రైతులు రావడం మొదలైంది. బాపు చెయ్యి మంచిదట, తమ పొలంలో కూడా బోరు పాయింటు చూపించాలట. చచ్చాంరా దేవుడా అనుకున్నాను. బాపు ఎవరికీ ఒప్పుకునేవాడు కాదు. "అమాస పోనియ్యి", "మోకాళ్లు నొస్తున్నయ్, తర్వాత జూద్దాం" అని తిప్పి పంపేవాడు. పెద్దరికం వచ్చేసరికి బెట్టు చేస్తున్నాడనుకున్నాను.

ఒకరోజు పోచంపల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. చేతిలో కొబ్బరికాయ, చంకలో తువ్వాల. అమావాస్య, మోకాళ్ల మాటలు ఆయన దగ్గర నడవలేదు.

"తాతా, అట్ల అనకు. బోరు బండి మాట్లాడిన, రేపు పొద్దుగాల వస్తది. ఇంటామె పుస్తెలతాడు కుదువపెట్టిన. నువ్వు వచ్చి గీడ అని కాలు పెట్టు, చాలు. నీ మాట మీదనే ఏస్త."

నేను వ్యాను కిందినుంచి బయటికొచ్చాను. చేతులనిండా గ్రీజు. ఇంకా ఊరుకుంటే రేపు ఈయన కొంప మునుగుతుంది. నోరు తెరిస్తే ఇంతమంది ముందు బాపు పరువు పోతుంది. ఎవరితోనైనా సరే క్షణంలో తగాదాకు దిగే నేను ఆ పూట ఎటూ తేల్చుకోలేకపోయాను. "బాపు..." అని మాత్రం అనగలిగాను.

బాపు నా వైపు చూడలేదు. కుర్చీలోంచి లేచి, చెంబుతో గుంతలో నీళ్లు ముంచి, ఆ రైతు దోసిట్లో పోశాడు.

"తాగకు. వాసన జూడు."

ఆయన వాసన చూశాడు. అర్థం కానట్టు బాపు ముఖంలోకి చూశాడు.

"గిది నల్లా నీళ్లు బిడ్డా. గోడవతల సర్కారు పైపు పగిలింది. నాకు నీళ్లు పడలే. నాకెన్నడు పడలే. బోరు బండోనికి ఫోన్ చెయ్యి, రావద్దని చెప్పు. నా ముందరనే చెప్పు."

వరుసలో ఆడవాళ్లు బిందెల్లోకి వంగి వాసన చూశారు. ఆ రైతు ఫోను తీసి, తడి చేతులతోనే బోరు బండివాడికి రావద్దని చెప్పాడు. అప్పుడు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. ఇన్నాళ్లూ మా నల్లా నీళ్లే మేం మోస్తున్నామా అని ఒకావిడ బిందె అక్కడే కుమ్మరించేసింది. చాచా గేటు దగ్గర నిలబడి, "నడువుండ్రి, నడువుండ్రి, తమాషా అయిపోయింది" అని అందరినీ కసిరి పంపించాడు.

గేటు మూసేశాక బాపు కుర్చీలో కూర్చున్నాడు. నేను పక్కనే నేల మీద కూలబడ్డాను.

"నీకెప్పటి సంది ఎర్క?" అన్నాను.

"మొదటి గుక్కలనే ఎర్కైంది. ఇన్ని బోర్లేసినోన్ని, భూమిల నీళ్లెట్లుంటయో తెల్వకపోయినా, నల్లా నీళ్లెట్లుంటయో తెల్వదారా నాకు?"

"మరి ఇన్నొద్దులు?"

ఆయన తెల్లబట్టల మీద పడ్డ నీటి మరకను తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"అందరు మన ఇంటికొచ్చి, నీ నీళ్లు మంచిగున్నయ్ అంటాంటే... జర ఇనబుద్దయింది రా. ఇంకో నాలుగొద్దులు ఇందామనుకున్న."

 గ్రీజు చేతులతోనే చెంబు తీసుకుని, గుంతలోకి వంగి, నిండా ముంచుకుని గటగటా తాగాను.

"మంచిగున్నయ్ బాపు" అన్నాను.