సక్కుబాయి సంబంధాల సైటు

2008 నాటికి హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమాలో సక్కుబాయికి తెలియని ఇంటిపేరు లేదు. పెళ్లి సంబంధాలు చూడడం ఆమె వృత్తి. ఆడపిల్లవాళ్లు ఒప్పుకోనిదే ఫొటో ఎవరికీ చూపదన్న నమ్మకం మీదే ఆమె బతుకు నడిచేది. ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపే భిక్షపతి ఆమెకొక వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చాడు. సభ్యులను గుర్తుపట్టి లోపలికి పంపే పనికి, ఉచితంగా దొరికిన ఒక ప్లగిన్, అంటే ఎవరో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం, తగిలించాడు. సంబంధం అనగానే ముందు అడిగేది ఇంటిపేరే కనుక, ప్రతి కుటుంబానికీ దాన్నే లాగిన్ పేరుగా పెట్టించింది సక్కుబాయి.

ఒకనాడు కళ్లజోడు మరిచి సెంటర్‌కు వచ్చిన ఆమె, తన దగ్గర పేరు నమోదు చేసుకున్న కళావతి పేజీ ఎలా ఉందో చూద్దామని ఆమె ఇంటిపేరు కొట్టి, పాస్‌వర్డ్ గడి కనబడక ఖాళీగా వదిలేసి ఎంటర్ నొక్కింది. పేజీ తెరుచుకుంది. ఫొటో, ఫోన్ నంబరు, విడాకుల వివరం, అన్నీ కనిపించాయి. రెండో పెళ్లి ప్రయత్నం తన ఆఫీసులో ఎవరికీ తెలియకూడదని కళావతి ముందే ఒట్టు వేయించుకుంది.

"ఏంది భిక్షపతీ, తాళం లేని దుకాణం పెట్టిచ్చినవా నాతోటి?"

భిక్షపతి మరికొన్ని ఇంటిపేర్లు కొట్టి చూశాడు. అన్నీ తెరుచుకున్నాయి.

"ప్లగిన్‌ల లోపమున్నదక్కా. పేరు సరిగుంటే చాలు, పాస్‌వర్డ్ లేకున్నా లోపలికి పంపుతున్నది. ఫికర్ చెయ్యకు, ఆదివారం చూస్త. లగ్గాల సీజన్‌ల సైటు ఆపితే మస్తు లొల్లి అయితది. అయినా ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలిసింది కదరా! బంద్ చెయ్. ఇప్పుడే."

సైటు ఆగిపోయింది. సక్కుబాయి పక్కింట్లో ఉండే నేను, లా పట్టా కొత్తగా చేతికొచ్చిన ఉత్సాహంలో, ప్లగిన్ రాసినవారికి నోటీసు పంపి తీరాలన్నాను.

"పంపు బిడ్డా, పంపు. నీ నోటీసు చేరేలోపు నేను అందరి ఇండ్లు తిరిగొస్త."

ఏ కోర్టూ ఆమెను ఆదేశించలేదు. అయినా తిరిగింది. ఎవరు చూశారో, అసలు చూశారో లేదో తనకు తెలియదని ప్రతి గడపలోనూ చెప్పింది. కొందరు తిట్టారు, కొందరు ఇక మా గడప తొక్కొద్దన్నారు.

సంతోష్‌నగర్‌లో కళావతి తలుపు మాత్రం అన్నిటికంటే చివర తట్టింది. అంతా విని కళావతి తలుపు దగ్గరగా వేసింది.

"ఎవరైనా చూశారంటావా?"

"తెల్వదమ్మా. చూడలేదని అబద్ధమెట్ల చెప్పాలె?"

"మా ఆఫీసులో నా ఇంటిపేరు తెలియనివాళ్లు ఎవరున్నారు, సక్కుబాయీ!"

కళావతి లోపలికి వెళ్లి, బీరువాలోంచి తన ఫొటో ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది నీ సంచి దాటి బయటికి రాకూడదు. ముందు అబ్బాయి ఫొటో పట్టుకురా. నాకు నచ్చితే అప్పుడు నాది చూపిద్దువుగాని."