ప్లేటును పట్టుకున్న చెయ్యి

దయ్యాలంటే నవ్వేదాన్ని. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే యంత్రాలను పరీక్షించడం నా ఉద్యోగం. కంటికి కనపడింది, కొలతకు అందింది మాత్రమే రాసే పని. ఇది కూడా చూసింది చూసినట్టే రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఆ రోజు నాకు భయం వేయలేదు. ఒళ్లు మండిపోయింది. ఇంకా మండుతూనే ఉంది.

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పేరు చెప్పను. మిట్టమధ్యాహ్నం వెళ్లాను. మిర్చి సీజను కావడంతో యార్డు వైపు నుంచి వచ్చే ఘాటుకు రిసెప్షన్‌లో అందరూ దగ్గుతున్నారు.

నేను చూడాల్సింది ఫ్లోరోస్కోపీ యంత్రం. మామూలు ఎక్స్‌రే ఒక్క ఫొటో తీసి ఊరుకుంటుంది. ఇది ఒంట్లో కదిలేదాన్ని కదులుతున్నట్టే తెర మీద చూపిస్తుంది. పిల్లలకు మందు తాగించి, అది గొంతులోంచి కడుపులోకి దిగడం చూస్తారు.

బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో తేల్చడానికి నా దగ్గర ఒక ప్లేటు ఉంటుంది. దానిలో సీసపు గీతలు, లావు నుంచి సన్నం దాకా. ఎంత సన్నటివి విడివిడిగా కనపడితే యంత్రం అంత మంచిది. బొమ్మ మసకైతే డాక్టరు చూసిందే మళ్లీ మళ్లీ చూడాలి. అంతసేపూ రోగికీ, పక్కన నిలబడ్డవాళ్లకూ రేడియేషన్ తగులుతూనే ఉంటుంది.

టెక్నీషియన్ శ్రీను లోపల గడియ పెట్టాడు. గదిలో మేమిద్దరమే. ప్లేటును బల్ల మీద పెట్టి, ఎక్స్‌రే వదిలే కాలి పెడల్‌ను సీసపు అడ్డు వెనక్కి లాక్కుని నొక్కాను. తెర పలచటి మజ్జిగలా ఉంది. లావు గీతలు కూడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

“దీంతోనా పిల్లలకి చేస్తోంది?” అన్నాను. శ్రీను తల దించుకున్నాడు.

మళ్లీ నొక్కాను. అప్పుడు తెర అంచు నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది.

ఎముకల చెయ్యి. మణికట్టు, అరచెయ్యి, వేళ్లు. నెమ్మదిగా వచ్చి, కదలకుండా అదిమి పట్టుకున్నట్టు ప్లేటు మీద ఆనింది. చిటికెన వేలు కాస్త వంకర. దాని ఎముకలో సన్నటి తీగ.

బల్ల వైపు చూశాను. ప్లేటు తప్ప ఏమీ లేదు. పెడల్ మీది కాలు తీసేశాను. ఈ యంత్రాల్లో మామూలుగా జరిగేట్టే, ఆఖరి బొమ్మ తెర మీద నిలిచిపోయింది.

శ్రీను గోడకు ఆనుకున్నాడు. “నాగమణక్క చెయ్యి మేడం అది.”

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. అతనే చెప్పాడు. ప్రత్తిపాడు నుంచి వచ్చే ఆయా. ఏడ్చే పిల్లలను ఈ బల్ల మీద కదలకుండా పట్టుకోవడం ఏళ్ల తరబడి ఆవిడ పని. సీసపు గ్లవ్స్ అడిగితే ఇవ్వలేదు. గోళ్లు నల్లబడ్డాయి, వేళ్ల చర్మం పగుళ్లు తీసింది. “మిరపకాయలు కోసిన చేతులు, అలాగే ఉంటాయిలే” అన్నాడట డాక్టరు. చివరికి బ్లడ్ క్యాన్సర్‌తో పోయింది. ఎప్పుడో గేటు సందులో నలిగి ఆ చిటికెన వేలు విరిగితే, తీగ వేసింది ఈ ఆసుపత్రిలోనే.

శ్రీను వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆసుపత్రి ఆయనదే. తెర చూడగానే ముఖం పాలిపోయింది. అదీ ఒక్క క్షణమే.

“పాత బొమ్మేదో ఉండిపోయినట్టుందమ్మా. పాస్ అని రాసెయ్యి, బయట పేషెంట్లు వెయిటింగు.”

“పాత బొమ్మలోకి నా ప్లేటు ఎలా వస్తుందండీ?”

“నువ్వు టెస్టింగుకొచ్చావా, ఎంక్వయిరీకొచ్చావా?”

“ఆవిడ చెయ్యి రోజూ ఈ తెర మీదే కనపడుతుండేది కదండీ! ఒక్కసారైనా చూడలేదా మీరు?”

నా అరుపు వరండా దాకా వినపడిందట. ఆయన చెయ్యి చాచి మెయిన్ స్విచ్ కట్టేశాడు. బొమ్మ పోయింది.

మళ్లీ వేయించి ఎన్నిసార్లు చూసినా మజ్జిగే. ఫెయిల్ అని రాసి వచ్చేశాను. నేను ఆఫీసు చేరేలోగా ఆయన ఫోన్ చేరింది. “ఉన్న క్లయింట్లను కూడా పోగొడతావా తల్లీ” అన్నాడు మా మేనేజరు. ఆ తర్వాత ఆసుపత్రివాళ్లు ఇంకెవరినో పిలిపించుకుని పాస్ చేయించుకున్నారు. ప్రభుత్వానికి నేను పెట్టిన ఫిర్యాదు ఇంకా పరిశీలనలోనే ఉందట. ఆ బల్ల మీదికి పిల్లలు ఎక్కుతూనే ఉన్నారు. వాళ్లను ఇప్పుడు ఏ ఆయా పట్టుకుంటోందో.

శ్రీను మానేసి చీరాల వెళ్లిపోయాడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. “మనం చూసింది నిజమేగా మేడం?” అంటాడు. నిజమే అంటాను.

నాకు అంతుపట్టనిది ఇంకొకటుంది. లావు గీతలనే విడదీసి చూపలేని యంత్రం అది. కానీ ఆ చెయ్యి ఆనినంత మేరా, వేళ్ల సందుల్లో, ప్లేటులోని అతి సన్నటి గీతలు కూడా వెంట్రుకల్లా విడివిడిగా కనపడ్డాయి. ఆ యంత్రానికి అంత చూపు లేదు. ఎలా చూపించిందో నాకు ఇప్పటికీ తెలియదు.