కథలో కాలు విరిగితే

గుడివాడ దగ్గర ఒక బడిలో పిల్లలకి నా పుస్తకంలోంచి ఒక అధ్యాయం చదివి వినిపిస్తున్నాను. సరిగ్గా దొంగ తలుపు వెనక నక్కి ఉన్నచోట మా ఆయన ఫోన్ చేశారు. రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి ఎత్తితే, "అమ్మ పోయింది. టిఫిన్ తిని కాసేపు పడుకుంటానంది. లేవలేదు. నువ్వు వచ్చెయ్," అన్నారు. పిల్లలు నా మొహం చూసి చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు. ముందు బెంచీలో ఉన్న ఒక పాప మాత్రం, "దొంగెవరో చెప్పేసి వెళ్ళండి మేడమ్," అంది. చెప్పేసి విజయవాడ బస్సెక్కాను.

నా పుస్తకాలు చదివే పిల్లలూ, కొనిపెట్టే పెద్దవాళ్ళూ ఎప్పుడూ ఒక మాట అడుగుతుంటారు. సాహస కథల్లో పిల్లలు కొండలెక్కుతారు, సొరంగాల్లో దూరతారు, దొంగల వెంటపడతారు. మీ కథల్లో పిల్లలు ఇవన్నీ చేస్తూనే మధ్యలో ఆగి మోకాలు సబ్బుతో కడుక్కుంటారేమిటి అని. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. అది నా గొప్పా కాదు, నా ఇష్టమూ కాదు. మా అత్తగారు పెట్టిన పోరు.

ఆవిడ నర్సు. డెల్టాలో ఒక మిషన్ ఆసుపత్రిలో పిల్లల వార్డు చూసి రిటైరయ్యారు. ఆ తర్వాత పటమటలో మా ఫ్లాటుకి వచ్చేశారు. అప్పుడే నేను మొదటి పుస్తకం రాస్తున్నాను. రాసిన కాగితాలు డైనింగ్ టేబుల్ మీద వదిలేయడం నా తప్పు అనుకోవాలి. ఆవిడ వాటిని తీసుకుని, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తిరుగుతూ చదివారు. కూర్చుని చదవడం ఆవిడకి రాదు. వార్డులో రౌండ్‌కి వెళ్ళినట్టు నడుస్తూ చదివేవారు. వంటింట్లో ఉన్న నాకు చెప్పుల చప్పుడు వినిపించేది. చప్పుడు ఆగిందంటే కథలో ఎవరికో దెబ్బ తగిలిందని అర్థం.

ఆ రోజు ఆగింది.

"అమ్మాయ్, వీడి కాలు విరిగి ఎన్నాళ్ళయింది?"

"రెండ్రోజులండీ."

"మరి పరిగెడుతున్నాడేంటి?"

"దొంగ పారిపోతున్నాడు కదండీ."

"దొంగ పారిపోతే ఎముక అతుక్కుంటుందా?"

"కథండీ అత్తయ్యగారూ."

"కథలో కాలు విరిగితే కథలోనే మానాలి కదమ్మా. ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా కూర్చోబెట్టు."

ఆరు వారాలు కూర్చోబెడితే దొంగ చెన్నై చేరి ఇల్లు కొనుక్కుంటాడు. విధిలేక కాలు విరగ్గొట్టడం మానేసి, మోకాలు చీరుకుపోయిందని మార్చాను. మర్నాడు మళ్ళీ చెప్పులు ఆగాయి. "తుప్పు రేకు గీసుకుందని రాశావు. టీటీ ఇంజెక్షన్ ఎవరు చేయించారు?" నేను పోపు మాడ్చేశాను.

ఇలా ఒక పుస్తకం కాదు, అన్నీ ఇంతే. నిజానికి నన్ను ఎక్కువ ఏడిపించింది దెబ్బలు కూడా కాదు. ఆవిడకి రహస్యం మీద ఆసక్తే లేకపోవడం. నేను నెలల తరబడి ఆలోచించి, ఆరుగురి మీద అనుమానం వచ్చేలా చేసి, చివరి పేజీలో ముడి విప్పితే, ఆవిడ ఒక్కసారి కూడా "దొంగ వీడా" అని ఆశ్చర్యపోలేదు. ఒకరోజు ఉండబట్టలేక నేనే అడిగాను, "ఎవరనుకున్నారండీ?" అని.

"ఎవరైతే ఏంటమ్మా. ఆ పిల్ల పొద్దుటి నుంచీ ఎండలో తిరుగుతోంది, గుక్కెడు నీళ్ళు తాగలేదు. అది చూడు ముందు."

మా ఆయనతో చెప్పుకుంటే ఆయన నవ్వేవారు. ఆటోనగర్‌లో ఆయనది లారీ స్పేర్ పార్టుల షాపు. "మా షాపుకొచ్చినా అంతే. మెకానిక్కులందరినీ చేతులు కడుక్కోమంటుంది," అనేవారు. నవ్వడం తేలిక. ఆయన పొద్దున్నే షాపుకి పోతారు. ఇంట్లో ఆవిడతో, నా కాగితాలతో ఉండాల్సింది నేను.

అసలు యుద్ధం మూడో పుస్తకం దగ్గర వచ్చింది. అందులో ముగ్గురు స్నేహితులు. ఒకడిని కాలవ గట్టు మీద పాము కరుస్తుంది. స్నేహితురాలు తన రిబ్బను విప్పి కాలికి బిగించి కట్టి, బ్లేడుతో గాటు పెట్టి, నోటితో విషం పీల్చి ఉమ్మేస్తుంది. స్నేహమంటే ఇదీ అనిపించేలా రాశాను. రాస్తూ నేనే ఏడ్చాను.

చెప్పులు ఆగాయి. ఈసారి ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ అలా కూర్చోవడం చూసి నాకు భయం వేసింది.

"ఇది తీసెయ్యమ్మా."

"అత్తయ్యగారూ, పుస్తకానికి ప్రాణం ఈ అధ్యాయమేనండీ."

"ఇది చదివిన పిల్లలెవరైనా ఇలాగే చేస్తే ఆ కాలు పోద్ది. పిల్లాడూ పోతాడు. గట్టిగా కట్టిన తాళ్ళు విప్పినదాన్ని నేను. ఆ కాళ్ళు నల్లగా అయిపోయి ఉండేవి. నీకు తెలియదు."

వారం రోజులు కొట్లాడుకున్నాం. పిల్లలు కథని కథలాగే చదువుతారని నేను. పిల్లలు చదివిందే చేస్తారని ఆవిడ. మా ఆయనకి ఉన్నట్టుండి షాపులో పని ఎక్కువైంది. ఆదివారం ఆవిడ నా కాగితాలు చర్చికి తీసుకెళ్ళి పాస్టరుగారికి చూపించారు. ఆయన ఆరాధన చివర అందరితో కళ్ళు మూయించి, "మన మధ్య ఉన్న రచయిత్రి సహోదరి కలాన్ని ప్రభువు సరిదిద్దును గాక," అని ప్రార్థన చేశారు. చర్చి అంతా ఆమెన్ అంది. బయటికొచ్చాక ఆవిడతో మాట్లాడకుండా ఇంటిదాకా నడిచాను. ఇంటికొచ్చి, పళ్ళు నూరుకుంటూ ఆ అధ్యాయం తిరగరాశాను.

కొత్తదాంట్లో ఏమీ జరగదు. పాము కరిచినవాడిని కదలనివ్వరు. వాపొస్తే బిగుస్తుందని కాలికున్న నల్లదారం తీసేస్తారు. కాలు కదలకుండా పక్కన ఒక కర్ర పెట్టి తువ్వాలుతో వదులుగా కడతారు. ఒకడు ఆటో కోసం రోడ్డు మీదకి పరిగెడతాడు. స్నేహితురాలు పక్కన కూర్చుని, వాడు బెదిరిపోకుండా కథ చెబుతుంది. పబ్లిషరు ఫోన్ చేసి, "మేడమ్, ఇక్కడ కథ పడుకుందండీ," అన్నారు. "పాము కరిస్తే పడుకోవాలండీ," అని ఫోన్ పెట్టేశాను.

అది చదివి ఆవిడ శాంతిస్తారనుకున్నాను. మళ్ళీ వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"ఆ పిల్ల ఏం కథ చెప్తోంది?"

"ఏదో కథండీ. అదంత ముఖ్యం కాదు."

"ఏదో కథ పనిచెయ్యదమ్మాయ్. బెదిరిపోయిన పిల్లలు వినరు. ఎవరో ఏదో తీశారని మొదలెట్టాలి. తర్వాత ఏమవుద్దో, ఏమవుద్దో అని లాగాలి. ఎవరు తీశారో మాత్రం చెప్పకూడదు. చెప్పేస్తే లేచి కూర్చుంటారు. చెప్పకపోతే కదలకుండా వింటారు. సెలైన్ ఎక్కేదాకా అంతే లాగాలి."

గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. మిస్టరీ కథ ఎందుకు రాయాలో నాకు తెలిసినవాళ్ళెవరూ అంత సూటిగా చెప్పలేదు. "మీరు చెప్పేవారా అండీ, వార్డులో?" అని అడిగాను.

"పిల్లల వార్డంటే అంతేగా," అని, పాలు పొంగుతున్నాయి చూసుకోమని చెప్పి వెళ్ళిపోయారు.

పుస్తకం వచ్చింది. కొన్నాళ్ళకి పామర్రు అవతల ఒక ఊరి బడి నుంచి టీచరుగారు ఫోన్ చేశారు. ఆ బడి పక్కన మూతపడిన రైసు మిల్లు ఒకటుంది. పిల్లలు ఆడుకునే బంతి గోడ దాటి అందులో పడితే మళ్ళీ కనిపించేది కాదు. ఎన్ని బంతులు పడినా అంతే. ఎవరు తీస్తున్నారో కనిపెడదామని ఏడో తరగతి పిల్లలు ముగ్గురు, ఒక అమ్మాయి, ఇద్దరు అబ్బాయిలు, మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే గోడ విరిగినచోట లోపలికి దూరారు. ఊకపోగు దగ్గర ఒక అబ్బాయిని రక్తపింజర కరిచింది.

ఆ ముగ్గురూ బడి లైబ్రరీలో నా పుస్తకం చదివారట. అమ్మాయి వాడిని పడుకోబెట్టింది. కాలు కదలనివ్వలేదు. రెండోవాడు రోడ్డు మీదకి పరిగెత్తి ఒక ఆటోని ఆపాడు. తాడు కట్టలేదు, గాటు పెట్టలేదు, పసరు వెయ్యలేదు. ఆసుపత్రిలో మందు ఎక్కించారు. పిల్లాడు బతికాడు. టీచరుగారు చెబుతూ చెబుతూ ఏడ్చారు. నేను ఫోన్ పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్ళాను. ఫోన్ ఆవిడ చేతికిచ్చాను.

పిల్లాడు ఇంటికొచ్చాక ఇద్దరం చూడ్డానికి వెళ్ళాం. పామర్రు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. వాళ్ళమ్మ ఆవిడ చేతులు పట్టుకోబోతే, "ఉండమ్మా," అని తప్పించుకుని, ముందు కాలు చూశారు. బొటనవేలితో అక్కడక్కడా నొక్కారు. "వేళ్ళు కదుపు నాన్నా," అన్నారు. కదిపాడు. అప్పుడు ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఏం కథ చెప్పావే?" అని అడిగారు.

"నేనే కల్పించానండి. బళ్ళో గంట ఎవరో ఎత్తుకుపోయారని. ఆటో వచ్చేదాకా లాగానండి."

"ఎవరు ఎత్తుకుపోయారో చెప్పావా?"

"లేదండి."

"ఇప్పుడు కూడా చెప్పట్లేదండి," అన్నాడు పిల్లాడు మంచం మీద నుంచి, కోపంగా. "తనకే తెలీదంటండి."

ఆవిడ నవ్వగా నేను చూడటం అరుదు. ఆ రోజు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

తిరుగు బస్సులో నేను ఒక మాట కోసం ఎదురుచూశాను. చెప్పానా, నేనన్నదే నిజమైందా అంటారని. అంటే ఒప్పుకోవడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఉయ్యూరు దాకా ఆవిడ కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"రెండోవాడు ఒక్కడే రోడ్డు మీదకి పరిగెత్తాడంట. లారీలు తిరిగే రోడ్డది. నువ్వలా రాశావు కాబట్టే."

పుస్తకం మళ్ళీ అచ్చు వేసినప్పుడు ఆ వాక్యం మార్చాను. ఇప్పుడు వాడు రోడ్డు పక్కన గట్టు మీద నిలబడి చొక్కా విప్పి ఊపుతాడు. అది చూసి ఆవిడ, "మిట్టమధ్యాహ్నం చొక్కా విప్పిస్తావేంటి?" అన్నారు.

బంతులన్నీ ఊకపోగు కింద గుంటలోకి జారిపోయాయని, ఎవరూ తియ్యలేదని తర్వాత టీచరుగారు చెప్పారు. ఆ సంగతి ఇంట్లో సంబరంగా చెబితే ఆవిడ, "ఏ బంతులు?" అని అడిగారు.

ఆవిడ భూస్థాపన పామర్రులో, ఎప్పుడో పోయిన మామగారి సమాధి పక్కన జరిగింది. పాస్టరుగారు ఆవిడ సేవ గురించి చాలా మంచి మాటలు చెప్పారు. వింటుంటే ఎవరో వేరే మనిషి గురించి చెబుతున్నట్టుంది. ఆయన చెప్పిన మనిషి మెత్తగా, ఓర్పుగా ఉంది. మా ఇంట్లో ఉన్నావిడ అలా లేరు.

అందరూ వెళ్ళిపోతుంటే ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చారు. జుట్టు నెరిసింది. ధాన్యం, మినుముల వ్యాపారం చేస్తారట. చిన్నప్పుడు టైఫాయిడ్‌తో ఆవిడ వార్డులో ఉన్నానని చెప్పారు.

"సాయంత్రాలు మా మంచాల మధ్య నడుస్తూ కథ చెప్పేవారండి. ఒక పడవలో నగల మూట మాయమవుద్ది. పడవలో ఉన్నది నలుగురే. తీసిందెవరో చెప్పకుండానే డ్యూటీ అయిపోయిందని వెళ్ళిపోయారండి. మర్నాడు ఆవిడకి సెలవు. నన్నేమో ఇంటికి పంపేశారు." కొంచెం మొహమాటంగా అడిగారు. "మీరు కథలు రాస్తారంట కదా. మీకేమైనా చెప్పారాండి, ఎవరు తీశారో?"

"లేదండీ," అన్నాను. "మాకు ఆవిడ ఒక్క కథ కూడా చెప్పలేదు."

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. దుఃఖంతో సగం, ఒళ్ళుమంటతో సగం. దొంగ ఎవరైతే ఏంటమ్మా అంటూ ఇన్నేళ్ళు నా కాగితాలు పట్టుకుని హాల్లో తిరిగిన మనిషి, వార్డు నిండా పిల్లలని పడవలో కూర్చోబెట్టి నగల మూట మాయం చేశారు. పక్కగదిలో ఉన్న నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే ఏమనేవారో నాకు తెలుసు. నీకేం జ్వరమా అనేవారు.

ఇప్పుడు రాస్తున్న పుస్తకంలో ఒక అమ్మాయి పాత గోడౌను ప్రహరీ ఎక్కింది. లోపలి నుంచి కాపలావాడు వస్తున్నాడు. బయట స్నేహితులు ఇద్దరు చేతులు చాచి నిలబడ్డారు. దూకితే ఈ అధ్యాయం అయిపోతుంది. గోడ ఎంత ఎత్తు ఉంటే మడమకి ఏమీ కాదో నాకు తెలియదు. తెలిసిన డాక్టరుగారికి ఫోన్ చేసి అడగొచ్చు. రేపు చేస్తానని రోజూ అనుకుంటున్నాను. ఈలోపు ఆ పిల్ల గోడ మీదే కూర్చుని ఉంది, రెండు కాళ్ళూ ఇవతలికి వేలాడేసి, కింద ఇసుక ఉందో రాళ్ళున్నాయో తొంగి చూసుకుంటూ.