అజేలియాలను నూరిన పిల్ల

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, ఏ పువ్వును చూసినా నాకు ఒకటే ఆలోచన: ఈ రంగు ఎక్కడుంటుంది? పొద్దున్నే మా ఊరు కందిలో బస్సెక్కి, కిటికీకి తల ఆనించి, రోడ్డు పక్క తంగేడునూ కాగితప్పూలనూ చూస్తూ కలలు కనేదాన్ని. (ఆ మైకంలో, దిగాల్సిన పాశమైలారం దాటిపోయి, వెనక్కి నడిచొచ్చిన రోజులూ ఉన్నాయి.) మందుల ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టును. రోజంతా తెల్లటి పొడులు పరీక్షించే మనిషికి రంగుల మీద మోజు పుట్టడంలో వింతేముంది?

మా మెయింటెనెన్సులో ఒకతను ఉండేవాడు. వాళ్ళ నాన్న కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి పటేల్‌గూడలో ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి అందరం అతన్ని ‘సముద్రం’ అనేవాళ్ళం. క్యాంటీన్లో టీ తాగుతూ అతనికి నా రంగుల పురాణం విప్పేదాన్ని. పూలలో గులాబి, ఎరుపు, ఊదా తెచ్చేవి ఆంథోసయనిన్లనీ, పసుపు తెచ్చేవి కెరోటినాయిడ్లనీ, రెండూ కలిస్తే నిప్పు రంగు వస్తుందనీ చెబుతుంటే, టీ చల్లారిపోతున్నా కదలకుండా వినేవాడు. పాపం, కెమిస్ట్రీ అంటే ఎంత ఇష్టమో అనుకున్నాను.

ఒక వేసవిలో అతను, సైన్యంలో ఉన్న బావను చూడటానికి ఈశాన్య సరిహద్దు కొండలకు వెళ్ళాడు. తిరిగొచ్చిన రోజు ఇస్త్రీ చొక్కాతో ల్యాబుకొచ్చి, నా బల్ల మీద ఒక రేకు డబ్బా పెట్టి, “అడవి అజేలియాలు. నీ కోసమే,” అని గబగబా వెళ్ళిపోయాడు. మూత తీస్తే, తడి దూది మీద నిప్పు రంగు పూలు. నా గుండె ఝల్లుమంది. వెంటనే రేకులు తుంపి కల్వంలో వేసి నూరాను. ఆ రసంలో స్పిరిటూ, పైన తేలే మరో ద్రావకమూ పోసి కుదిపి, గాజు గొట్టంలో నిలబెట్టాను. మెల్లగా పసుపు పైకి తేలింది, గులాబి కింద ఆగింది. ఒకే పువ్వులో ఒదిగిన రెండు రంగులు! అన్నం సంగతే మరిచి చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం అతనొచ్చాడు. ముందు నా జడ వైపు చూశాడు, తర్వాత కల్వం వైపు.

“తల్లో పెట్టుకుంటావని తెచ్చాను,” అన్నాడు మెల్లగా.

“గట్లనా? నేను శాంపిల్ అనుకున్న.”

ఆ తర్వాత అతను క్యాంటీన్ వైపే రాలేదు. ఇంట్లోవాళ్ళు అతనికి వాళ్ళ ఊరి సంబంధం ఖాయం చేయబోతున్నారనీ, ఆలోపే నా మనసు తెలుసుకోవాలనుకున్నాడనీ మా ల్యాబు పెద్దక్క చెప్పింది. “పువ్వు పెట్టుకుంటే ఒప్పుకున్నట్టేనని ఆశపడ్డడు. నువ్వేమో పచ్చడి నూరినవ్,” అంది, నవ్వకుండానే.

వెంటనే లేచాను. గాజు గొట్టం పట్టుకుని, అతను పనిచేసే పంపు హౌసుకు వెళ్ళాను.

“గిది సూడు. జడల పెట్టుకుంటే పొద్దుమూకేసరికి వాడిపోతుండె. నువ్వు తెచ్చినవని ఒక్క రేకు గూడ పారెయ్యలె.”

అతను దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. “అంటే... సరేననా?”

“ఇంతసేపు చెప్తున్నది గదే గద.”

మా పెళ్ళినాటికే ఆ గులాబి రంగు మట్టిరంగుకు తిరిగింది (ఆంథోసయనిన్ల గుణమే అంత). ఆ కొండలు నేనింకా చూడలేదు. ఎప్పుడైనా వెళితే పూలను కొమ్మ మీదే చూసి వస్తాను, అంత బుద్ధి వచ్చింది. కానీ కల్వం ముందు తల వంచుకున్న ఆనాటి ఆ పిల్ల గుర్తొస్తే, వెళ్ళి చెయ్యి పట్టుకుని ఆపాలని ఇప్పటికీ అనిపించదు. ఎంత సంతోషంగా నూరుతోందో.